నోటి మాట కాదు, రాత లెక్క

పెళ్ళికి మైకు కావాలి. తిరునాళ్ళకు మైకు కావాలి. వినాయక చవితి పందిరికీ, ఎన్నికల మీటింగుకూ మైకు కావాలి. అందుకే చిన్న చిన్న ఊళ్ళలో కూడా మైకుసెట్టు షాపులు ఉంటాయి. వాటి మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి.

ఈ షాపుల వాళ్ళకు పని బాగా వచ్చు. ఏ వైరు ఎక్కడ తగిలించాలో కళ్ళు మూసుకుని చెబుతారు. కానీ ధర చెప్పాల్సి వచ్చేసరికి తడబడతారు. "మీరే ఎంతో కొంత ఇవ్వండి" అంటారు. లేదా పక్క షాపు వాళ్ళు చెప్పిన దానికి ఒక వెయ్యి తగ్గించి చెబుతారు. పని అయిన రోజు చేతిలో డబ్బు ఉంటుంది. నెల తిరిగేసరికి అప్పు ఉంటుంది.

ఎందుకిలా జరుగుతుంది? ఒక మైకుసెట్టు కుటుంబం ఈ చిక్కును ఎలా విప్పుకుందో చదవండి.

కాలేజీ నుంచి కబురు

ఒక మండల కేంద్రంలో ఒక పెద్దాయనకు మైకుసెట్టు షాపు ఉంది. ఆయన 30 ఏళ్ళుగా అదే పని చేస్తున్నాడు. కోడలు షాపులో ఆయనకు సాయంగా ఉంటుంది. ఆమె చిన్నప్పుడు బడికి పోలేదు. పెళ్ళయ్యాక వయోజనుల బడిలో చదవడం, రాయడం, లెక్కలు కట్టడం నేర్చుకుంది.

ఒకరోజు ఊరి కాలేజీ నుంచి ఒక లెక్చరర్, ఇద్దరు విద్యార్థులు షాపుకు వచ్చారు. కాలేజీ వార్షికోత్సవం జరుగుతుందట. ఆరుబయట మైదానంలో పెద్ద పాటల కచేరీ పెడుతున్నారట. 3,000 మంది వస్తారట.

"మైకు, బాక్సులు అన్నీ మీరే చూడాలి. ఎంతవుతుంది పెద్దాయనా?" అని లెక్చరర్ అడిగాడు.

పెద్దాయన మనసులో లెక్క వేశాడు. పెళ్ళికి 15,000 తీసుకుంటాడు. ఇది పెళ్ళికి నాలుగింతలు ఉంటుంది. అంటే 60,000. ఆ మాట నోటి దాకా వచ్చింది.

ఇంతలో కోడలు అందుకుంది. "సారూ, మైదానం చూడకుండా ధర చెప్పకూడదు. రేపు వచ్చి చూస్తాం. ఎల్లుండి కాగితం మీద రాసి ఇస్తాం" అంది.

వాళ్ళు సరేనని వెళ్ళిపోయారు. పెద్దాయనకు కొంచెం కోపం వచ్చింది. "పెద్ద బేరం అమ్మాయ్! ఇంకో షాపుకు పోతే?" అన్నాడు.

"పోతే పోనివ్వండి మామయ్యా. పోయినేడాది యాంప్లిఫయర్ కాలిపోతే వడ్డీకి తెచ్చాం. ఆ అప్పు ఇంకా తీరలేదు. ఏడాది పొడుగునా పని చేశాం. మరి డబ్బు ఏమైంది? అది తెలియాలంటే రాసి చూసుకోవాలి" అంది కోడలు.

పెద్దాయన ఇంకేమీ మాట్లాడలేదు.

మైదానం చూస్తే ఏం తెలిసింది?

మర్నాడు ఇద్దరూ టేపు పట్టుకుని మైదానానికి వెళ్ళారు. మైదానం పొడవు 100 మీటర్లు. వెడల్పు 60 మీటర్లు. గేటు దగ్గర, ఒక చివర స్టేజి వేస్తామని విద్యార్థులు చెప్పారు. అలా వేస్తే చివరి వరస స్టేజికి 80 మీటర్ల దూరంలో ఉంటుంది.

అది చూసి పెద్దాయన తల పట్టుకున్నాడు. "అమ్మో, నాలుగింతలు చాలదు" అన్నాడు.

"ఎందుకు మామయ్యా?"

"కల్యాణ మండపంలో గోడలుంటాయి, పైకప్పు ఉంటుంది. అవి శబ్దాన్ని తిరిగి లోపలికి పంపుతాయి. ఇక్కడ గోడలు లేవు. శబ్దం నాలుగు పక్కలకూ పోతుంది. దూరం పోయేకొద్దీ పలచబడిపోతుంది" అని పెద్దాయన చెప్పాడు.

ఆయన అనుభవంతో చెప్పిన మాట నిజం. శబ్దాన్ని డెసిబెల్ అనే కొలతతో కొలుస్తారు. ఆరుబయట దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 5 మీటర్ల దగ్గర ఉన్న శబ్దం 10 మీటర్ల దగ్గరికి 6 తగ్గుతుంది. 20 మీటర్ల దగ్గరికి 12 తగ్గుతుంది. 40 మీటర్లకు 18, 80 మీటర్లకు 24 తగ్గుతుంది.

పోనీ, బాక్సులు రెట్టింపు పెడితే సరిపోతుందా? సరిపోదు. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది సుమారు 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు వినపడాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. అందుకే పెద్ద మైదానంలో ఖర్చు మనుషుల లెక్కన పెరగదు. అంతకన్నా ఎక్కువగా పెరుగుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. దూరంగా కూర్చున్నవాళ్ళ కోసం మధ్యలో, 40 మీటర్ల దగ్గర ఇంకో జత బాక్సులు పెట్టాలి. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. స్టేజి దగ్గరి శబ్దం 40 మీటర్లు రావడానికి సెకనులో సుమారు ఎనిమిదో వంతు పడుతుంది. మధ్యలో పెట్టిన బాక్సులకు మాత్రం కరెంటు వైరు ద్వారా పాట వెంటనే వచ్చేస్తుంది. అప్పుడు వినేవాళ్ళకు ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. కాబట్టి మధ్య బాక్సులకు పాట కావాలని కాస్త ఆలస్యంగా పంపాలి. దానికి తగిన మిక్సర్ కావాలి. అది తెలిసిన మనిషీ కావాలి.

కోడలు నోటు పుస్తకం తీసింది. లెక్చరర్‌ను అడిగి ఒక్కొక్కటే రాసుకుంది.

1. జనం ఎంతమంది? చివరి వరస ఎంత దూరం?
2. పాడేవాళ్ళు ఎంతమంది? వాయిద్యాలు ఎన్ని?
3. ఎన్ని గంటలకు మొదలు? ఎన్ని గంటలకు ఆఖరు?
4. సామాను దించడానికి ముందురోజు గేటు తెరుస్తారా?
5. కరెంటు ఎవరిది? జనరేటర్ ఎవరిది?
6. పోలీసుల దగ్గర అనుమతి ఎవరు తెస్తారు?
7. వాన వస్తే ఏం చేస్తారు?
8. డబ్బు ఎవరిస్తారు? ఎప్పుడిస్తారు?

ఎనిమిది ప్రశ్నలకూ జవాబు వచ్చాకే ఇద్దరూ ఇంటికి బయలుదేరారు.

లెక్క మొదలైంది

ఆ రాత్రి అన్నాలయ్యాక మామా కోడలూ లెక్కకు కూర్చున్నారు.

"మన సొంత సామానుకు ఖర్చేముంది? అది ఇంట్లోనే ఉంది కదా!" అన్నాడు పెద్దాయన.

"ఇంట్లో ఉన్నా అరిగిపోతుంది మామయ్యా. అరిగిన దాన్ని మళ్ళీ కొనాలిగా" అంది కోడలు.

వాళ్ళ సామాను ఖరీదు 8,00,000 రూపాయలు. అది 5 ఏళ్ళు పనికొస్తుందనుకున్నారు. ఏడాదికి 100 రోజులు బాడుగకు పోతుంది. అంటే 5 ఏళ్ళలో 500 రోజులు. 8,00,000ను 500తో భాగిస్తే 1,600 వచ్చింది. సామాను బయటికి వెళ్ళిన ప్రతిరోజూ 1,600 రూపాయలు అరుగుతుందన్నమాట. ఈ డబ్బు ఎప్పుడూ పక్కన పెట్టలేదు. అందుకే యాంప్లిఫయర్ కాలినప్పుడు అప్పు చేయాల్సి వచ్చింది.

రిపేర్లకు ఏడాదికి 50,000 అవుతుంది. 100 రోజులకు పంచితే రోజుకు 500. షాపు అద్దె, కరెంటు, ఫోను కలిపి నెలకు 8,000. ఏడాదికి 96,000. రోజుకు 960. అప్పు మీద వడ్డీ ఏడాదికి 40,000. రోజుకు 400.

కాలేజీ పని రెండు రోజులది. ముందురోజు కట్టాలి. మర్నాడు కచేరీ. అందుకని అన్నిటినీ రెండుతో హెచ్చవేశారు.

అరుగుదల: 3,200
రిపేర్లు: 1,000
షాపు ఖర్చు: 1,920
వడ్డీ: 800
సొంత సామాను మొత్తం: 6,920

తర్వాత బయటి సామాను. అంత పెద్ద మైదానానికి వాళ్ళ బాక్సులు చాలవు. విజయవాడ నుంచి పెద్ద బాక్సులు, పెద్ద మిక్సర్ తేవాలి. ఫోను చేసి ధర కనుక్కున్నారు. మధ్య బాక్సులతో కలిపి బాడుగ 42,000. రానుపోను లారీకి 8,000. మొత్తం 50,000. సొంత సామాను తీసుకెళ్ళే బండికి 3,000.

జనరేటర్ బాడుగ 10,000. అది 8 గంటలు నడవాలి. గంటకు 8 లీటర్ల డీజిల్ తాగుతుందనుకున్నారు. మొత్తం 64 లీటర్లు. లీటరు 100 లెక్కన 6,400. జనరేటర్ ఖర్చు మొత్తం 16,400.

టేపులు, బ్యాటరీలు, వానకు కప్పే పట్టాలు, ఎర్తింగ్ సామాను కలిపి 2,500.

"నీ కూలి ఏదీ?"

ఇక మనుషుల ఖర్చు. బాక్సులు మోసి, కట్టి, విప్పే కుర్రాళ్ళు 6 మంది. ఒక్కొక్కరికి రోజుకు 900. రెండు రోజులకు 10,800. మిక్సర్ దగ్గర కూర్చునే మనిషికి 6,000. ఎలక్ట్రీషియన్‌కు 3,000. పెద్దాయనతో కలిపి 9 మందికి రెండు రోజుల భోజనం. మనిషికి రోజుకు 250 చొప్పున 4,500. రాత్రి సామాను దగ్గర కాపలా పడుకునేవాడికి 500. అంతా కలిపితే 24,800.

"అయిపోయింది, కూడేయ్" అన్నాడు పెద్దాయన.

"మీ కూలి ఏదీ మామయ్యా?" అంది కోడలు.

"నా పనికి నేనే కూలి రాసుకోనా? మిగిలిందంతా మనదే కదా!"

"ఏమీ మిగలకపోతే? మీరు వేరే వాళ్ళ దగ్గర ఈ రెండు రోజులు పనిచేస్తే కూలి ఇవ్వరా? కూలి వేరు, లాభం వేరు."

పెద్దాయన కాసేపు ఆలోచించాడు. "సరే, నాకు రోజుకు 1,500 రాయి. మరి నీదో? ఫోన్లు చేసేది నువ్వు, లెక్కలు రాసేది నువ్వు. నీకూ 1,000 రాయి" అన్నాడు.

ఇంటి మనిషి పనికి కూలి రాయడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. ఇద్దరి కూలి 4,000. మనుషుల ఖర్చు 28,800కు చేరింది.

కోడలు అన్నీ ఒక వరసలో రాసి కూడింది.

సొంత సామాను: 6,920
బయటి సామాను: 50,000
బండి: 3,000
మనుషులు: 28,800
జనరేటర్, డీజిల్: 16,400
చిల్లర సామాను: 2,500
మొత్తం: 1,07,620

మొత్తం చూసి పెద్దాయన నోట మాట రాలేదు. ఆయన చెప్పబోయింది 60,000. ఆ ధరకు ఒప్పుకుని ఉంటే 47,620 రూపాయల నష్టం వచ్చేది.

"ఇది అసలు ఖర్చు మాత్రమే. అనుకోని ఖర్చులకు వందకు 5 రూపాయల చొప్పున కలుపుదాం" అంది కోడలు. అది 5,380 అయింది. మొత్తం 1,13,000. దాని మీద లాభం 17,000 వేసుకున్నారు. కాలేజీకి చెప్పాల్సిన ధర 1,30,000 రూపాయలు.

పన్నుల సంగతి

సేవల వ్యాపారంలో ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు చేయించుకోవాలి. ఇలాంటి పనికి జీఎస్టీ వందకు 18 రూపాయలు. నమోదు ఉన్నవాళ్ళు ధర మీద ఆ పన్ను కలిపి బిల్లు వేయాలి. నమోదు లేనివాళ్ళు పన్ను పేరుతో డబ్బు వసూలు చేయకూడదు. వీళ్ళ రాబడి 20 లక్షలకు లోపే. కాబట్టి బిల్లులో జీఎస్టీ వేయలేదు.

పెద్ద సంస్థలు ఇలాంటి కాంట్రాక్టు డబ్బు ఇచ్చేటప్పుడు కొంత ఆదాయపు పన్నుగా పట్టుకుంటాయి. సొంతంగా షాపు నడిపే మనిషికి అది వందకు 1 రూపాయి. పాన్ కార్డు నంబరు ఇవ్వకపోతే చాలా ఎక్కువ పట్టుకుంటారు. పట్టుకున్న డబ్బు పోయినట్టు కాదు. కట్టాల్సిన పన్ను లేకపోతే రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు.

బేరం

మూడో రోజు కాగితం తీసుకుని ఇద్దరూ కాలేజీకి వెళ్ళారు. ధర చూసి విద్యార్థి నాయకుడు, "అంకుల్, పక్క ఊరి వాళ్ళు 80,000కే చేస్తామన్నారు" అన్నాడు.

పెద్దాయన కంగారుపడ్డాడు. కోడలు మాత్రం నెమ్మదిగా కాగితం చూపించింది. "ఇందులో ప్రతి ఖర్చూ రాసి ఉంది బాబూ. వాళ్ళ దగ్గర కూడా ఇలాంటి కాగితం తీసుకోండి. జనరేటర్ ఉందా, మధ్య బాక్సులు ఉన్నాయా, ఎర్తింగ్ వేస్తారా అడగండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి" అంది.

లెక్చరర్ కాగితం అంతా చదివాడు. "మీ లెక్క బాగుందమ్మా. కానీ మా దగ్గర అంత డబ్బు లేదు. ఎక్కడైనా తగ్గుతుందా?" అన్నాడు.

"పని తగ్గితే ధర తగ్గుతుంది సారూ. పని తగ్గకుండా ధర తగ్గిస్తే కుర్రాళ్ళ కూలి కోయాలి. లేదా ఎర్తింగ్ మానేయాలి. ఆ రెండూ మేం చేయం."

అప్పుడు పెద్దాయన ముందుకొచ్చాడు. "సారూ, స్టేజి గేటు దగ్గర వద్దు. మైదానం పొడుగు వైపు, మధ్యలో వేయించండి. అప్పుడు జనం పక్కలకు సర్దుకుంటారు. చివరి వరస 50 మీటర్లలోనే ఉంటుంది. మధ్య బాక్సులు అక్కరలేదు. 8,000 తగ్గుతుంది" అన్నాడు.

"కాలేజీ జనరేటర్ మా దగ్గరే ఉంది. డీజిల్ కూడా మేమే పోయిస్తాం" అన్నాడు లెక్చరర్.

పెద్దాయన ఆ జనరేటర్‌ను వెళ్ళి చూశాడు. దాని సత్తువ సరిపోతుంది. అందుకని 16,400 తగ్గింది. రెండూ కలిపి 24,400. ధర 1,05,600 దగ్గర తెగింది. కాలేజీకి ఖర్చు తగ్గింది. షాపు లాభం మాత్రం తగ్గలేదు.

కాగితం మీద షరతులు

ధర తెగినంత మాత్రాన పని అయిపోదు. షరతులు కూడా రాసుకోవాలి. కోడలు రాసిన షరతులు ఇవి.

డబ్బు: సగం, అంటే 52,800 ముందే ఇవ్వాలి. మిగతా సగం కచేరీ మొదలయ్యేలోగా ఇవ్వాలి.

సమయం: సాయంత్రం 6 నుంచి రాత్రి 10 వరకు. ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు వాడకూడదని 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఏడాదికి 15 రోజులకు మించకుండా, పండుగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు. ఆ సడలింపు లేకుండా విద్యార్థులు "ఇంకో పాట" అన్నా, 10కి మైకు ఆగిపోవాలి.

అనుమతి: మైకు పెట్టడానికి అధికారుల రాతపూర్వక అనుమతి కావాలి. దాన్ని కాలేజీ వాళ్ళే తేవాలి. ఒక నకలు షాపుకు ఇవ్వాలి.

వాన: వాన వల్ల కచేరీ ఆగిపోతే, అప్పటికే అయిన ఖర్చు కాలేజీ భరించాలి. మిగతా డబ్బు షాపు తిరిగి ఇవ్వాలి.

భద్రత: బాక్సులకూ జనానికీ మధ్య కర్రలతో కంచె కట్టాలి. జనం తోపులాటలో సామాను పగిలితే కాలేజీ డబ్బు కట్టాలి. గాలివాన వస్తే మైకు ఆపే అధికారం షాపుదే.

రెండు వైపులా సంతకాలు చేశారు. పెద్దాయన ఇన్నాళ్ళూ వేలిముద్ర వేసేవాడు. కోడలు నేర్పగా ఈసారి సంతకం చేశాడు.

పని అయ్యాక

కచేరీ బాగా జరిగింది. పెద్దాయన ముందుగా ఎర్తింగ్ చూశాడు. లైట్లకూ బాక్సులకూ కరెంటు వేరు వేరు లైన్ల నుంచి ఇప్పించాడు. దానివల్ల బాక్సుల్లో గుర్రుమనే శబ్దం రాలేదు. జనం నడిచే దారిలో వైర్లు లేకుండా చూశాడు. చివరి వరసలో వాళ్ళకూ పాట స్పష్టంగా వినిపించింది. సరిగ్గా 10 గంటలకు మైకు ఆగింది.

మర్నాడు కోడలు మళ్ళీ పుస్తకం తీసింది. అనుకున్న ఖర్చు 83,220. అయిన ఖర్చు 85,320. ఒక మైకు కింద పడి పగిలింది. బండి ఒకసారి ఎక్కువ తిరిగింది. దానికి 2,100 అయింది. అనుకోని ఖర్చుల డబ్బు అందుకు పనికొచ్చింది.

1,05,600లో 85,320 పోగా 20,280 మిగిలింది. కాలేజీ పన్నుగా పట్టుకున్న 1,056 కూడా అందులోనిదే. అది రిటర్ను వేశాక వస్తుందని కోడలు విడిగా రాసి పెట్టుకుంది. కుర్రాళ్ళకు ఆ రోజే కూలి ముట్టింది. అరుగుదల డబ్బు 3,200 బ్యాంకులో వేరే ఖాతాలో వేశారు. ఈసారి యాంప్లిఫయర్ కాలితే వడ్డీ వ్యాపారి గడప తొక్కే పని లేదు.

గుర్తుంచుకోండి

పని చూడకుండా ధర చెప్పకండి.
సొంత సామానుకు అరుగుదల రాయండి.
ఇంట్లో పనిచేసే ప్రతి మనిషికీ కూలి రాయండి.
కూలి వేరు, లాభం వేరు.
బేరంలో ధర తగ్గించే ముందు పని తగ్గించండి.
భద్రత మీద ఖర్చు ఎప్పుడూ తగ్గించకండి.
ప్రతి షరతూ కాగితం మీద ఉండాలి.

కొత్త మాటలు

అరుగుదల: వాడకం వల్ల సామాను విలువ తగ్గిపోవడం.
షరతు: పనికి ముందు ఇద్దరూ ఒప్పుకునే మాట.
నకలు: కాగితానికి మరో ప్రతి.
రాతపూర్వకం: నోటి మాటగా కాక, రాసి ఇచ్చేది.

ప్రశ్నలు

1. పెద్దాయన మొదట ఎంత ధర చెప్పబోయాడు? చెప్పి ఉంటే ఏమయ్యేది?
2. కల్యాణ మండపంలో కన్నా మైదానంలో ఎక్కువ పవర్ ఎందుకు కావాలి?
3. స్టేజి చోటు మార్చడం వల్ల ఎంత డబ్బు తగ్గింది? ఎందుకు తగ్గింది?
4. మీ ఇంట్లో కూలి లెక్కలోకి రాని పని ఎవరు చేస్తున్నారు? చర్చించండి.

మీరూ లెక్క కట్టండి

ఒక టెంటు షాపులో సామాను ఖరీదు 2,00,000 రూపాయలు. అది 5 ఏళ్ళు పనికొస్తుంది. ఏడాదికి 80 రోజులు బాడుగకు పోతుంది. రోజుకు అరుగుదల ఎంత? మూడు రోజుల పెళ్ళికి అరుగుదల ఎంత రాయాలి?